ఇరవై నాలుగో స్తంభం

గేటు దగ్గర ఇచ్చిన పాసులో ఆయన పేరు ఉంది. కాపలాదారు పాసునూ ఆమెనూ రెండుసార్లు మార్చి మార్చి చూశాడు.

"ఇది మగవాళ్ల పేరు కదమ్మా?"

"మా ఆయన పేరు. పని నేను పూర్తి చేస్తున్నాను."

"ఆయన రాలేదా?"

"రారు," అందామె.

అతను ఇంకేదో అడగబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాడు. పేరు కింద పెన్నుతో 'వారి భార్య' అని రాసి ముద్ర కొట్టాడు.

శాసనసభ పాత భవనంలోకి ఆమె రావడం అదే మొదలు. రాతి మెట్లు మధ్యలో కాస్త గుంటపడి ఉన్నాయి. వందేళ్లుగా అందరూ మధ్యలోంచే ఎక్కినట్టున్నారు. తలుపు దాటి స్తంభాల హాల్లోకి అడుగుపెట్టాక ఆమె చంకలోని అట్టసంచి దించడం కూడా మరిచిపోయి నిలబడింది.

గుమ్మటం చుట్టూ ఉన్న కిటికీల నుంచి వెలుతురు నేరుగా పడడం లేదు. ముందు పైకప్పుకు తగిలి, మెత్తబడి, అప్పుడు కిందికి దిగుతోంది. రెండు వరుసల్లో స్తంభాలు. పాలమీగడ రంగు రాతిలో బూడిద రంగు నరాలు, అక్కడక్కడ పచ్చటి ఛాయ. ఒక స్తంభం నీడ ఇంకో స్తంభం మీద పడకుండా కట్టినవాడెవడో గాని, వాడికి మనసులోనే ఆమె దణ్ణం పెట్టింది.

ఎడమ వరుస చివర బల్ల వేసుకుని కాగితం పరిచింది. గీతలన్నీ ఆయన నిరుడే గీసి ఉంచాడు. వాళ్ల ఇంట్లో పని ఎప్పుడూ అలాగే జరిగేది. గీత ఆయనది, రంగు ఆమెది, కింద పేరు ఆయనది. రంగు వేసేటప్పుడు ఆమెకు గుర్తుండాలని అక్కడక్కడ పెన్సిలుతో చిన్న చిన్న మాటలు రాసేవాడు. 'ఇక్కడ నీడ నీలంగా.' 'పసుపు తగ్గించు.' 'తొందరపడకు.' రంగు వేయగానే ఆమె ఆ మాటను రబ్బరుతో చెరిపేసేది.

ఈ కాగితాన్ని ఆమె నాలుగు నెలలుగా విప్పలేదు. ఇప్పుడు విప్పినా, రంగు వేస్తున్న చోటు తప్ప మిగతాదంతా తెల్లకాగితంతో కప్పి ఉంచింది. ఇంకా ఎన్ని మాటలు మిగిలాయో ముందుగా చూడకూడదనుకుంది.

పదకొండింటికి గైడు ఓ ఇరవై మందిని వెంటేసుకుని వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, బక్కగా ఉన్నా గొంతు మాత్రం హాలుకు సరిపోయేది.

"ఈ పాలరాయి సముద్రం దాటి వచ్చింది. ఇరవై మూడు స్తంభాలకు సరిపడా పలకలు, గడ్డి చుట్టి చెక్కపెట్టెల్లో పెట్టి ఓడలో తెచ్చారు. అన్నాళ్ల ప్రయాణంలో ఒక్క పలక పగల్లేదు. మేమైతే ఇంటి నుంచి కోడిగుడ్లు కూడా పగలకుండా తెచ్చుకోలేం!"

అందరూ నవ్వారు. ఆమె బ్రష్షు ఆపి స్తంభాలు లెక్కపెట్టింది. వరుసకు పన్నెండు. రెండు వరుసలు. రోజుకు పదిసార్లు చెప్పే మాట కదా, ఎక్కడో అంకె అరిగిపోయి ఉంటుంది అనుకుంది. నలుగురిలో సరిదిద్దడం మర్యాద కాదని ఊరుకుంది.

మధ్యాహ్నం సూపరింటెండెంటు వచ్చాడు. ఈ భవనం తన ఇల్లయినట్టు మాట్లాడే మనిషి. నడుస్తూ నడుస్తూనే కిటికీ అంచు మీద వేలు రాసి దుమ్ము చూసుకున్నాడు.

"మావాళ్లు ఫొటో చాలన్నారమ్మా. నేనే పట్టుబట్టాను, ఈ హాలు చేత్తో వేసిన బొమ్మగానే ఉండాలని. సోమవారం వందేళ్ల సభ. శనివారం పొద్దున పదింటికి పాలిష్ మిషను వస్తోంది. ఇరవై నాలుగు స్తంభాలూ అద్దాల్లా మెరవాలి. మీరు శనివారానికల్లా ముగించెయ్యండి."

పైన ఏదో జారింది. నిచ్చెన మీద కిటికీ చట్రానికి రంగు వేస్తున్న ముసలాయన చేతిలోంచి బ్రష్షు జారి నేల మీద తెల్లటి చార పడింది.

"మెల్లిగా పెద్దాయనా! ఎల్లుండి రిటైరయ్యేవాడివి, ఈ రెండు రోజులైనా నేల మీద కాకుండా గోడ మీద వెయ్యి," అన్నాడు సూపరింటెండెంటు. కోపంగా కాదు, అలవాటుగా.

ముసలాయన నిచ్చెన దిగి వచ్చి గుడ్డతో చార తుడిచాడు. నేల శుభ్రమైపోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

గురువారం ఆరింటికే ఆమె వచ్చింది. పొద్దుటి వెలుతురు కావాలని అనుమతి తీసుకుంది. ఆ వేళకు హాల్లో ఎవరూ ఉండరనుకుంది. కానీ ఎడమ వరుసలో ఆరో స్తంభం దగ్గర ముసలాయన ఉన్నాడు. ఆమె అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి చేతిలోది ఏదో వెనక దాచుకున్నాడు.

"తుడుస్తున్నానమ్మా. దుమ్ము."

"తుడుచుకోండి మేస్త్రీగారూ. నా పని నాది."

ఆ పిలుపుకు అతను ఒక్క క్షణం నిలబడిపోయాడు. అక్కడ అతణ్ణి అందరూ సున్నాలాయన అనే అంటారని ఆమెకు తర్వాత తెలిసింది.

ఆమె పన్నెండో స్తంభం నుంచి వరుసగా రంగు వేసుకుంటూ వచ్చింది. నిన్న నాలుగు, ఇవాళ ఇంకో రెండు. ఎనిమిదింటికి ఆరో స్తంభం మీది తెల్లకాగితం జరిపింది. ఆ స్తంభానికి ఆయన అంచులు గీశాడు గాని లోపల నరాలు గీయలేదు. ఖాళీగా వదిలి, మధ్యలో రాశాడు:

'రంగు వేసే ముందు చెయ్యి పెట్టి చూడు.'

ఆమె లేచింది. ఆ స్తంభం చుట్టూ తాడు కట్టి ఉంది. 'దయచేసి తాకవద్దు' అని బోర్డు ఉంది. మిగతా వేటికీ తాడు లేదని అప్పుడే గమనించింది. తాడు కింద నుంచి వంగి లోపలికి వెళ్లి అరచెయ్యి ఆనించింది. తర్వాత తాడు దాటి ఏడో స్తంభం మీద పెట్టింది.

ఏడోది చల్లగా తగిలింది. పొద్దుటి రాయి ఎంత చల్లగా ఉండాలో అంత. మళ్లీ ఆరోదాని మీద పెట్టింది. అది గోడలా ఉంది. ఎవరూ పడుకోని గదిలో గోడలా.

ముఖం దగ్గరగా పెట్టి చూసింది. నరం ఒకటి పైనుంచి దిగి, మధ్యలో తెగి, రెండంగుళాల పక్కన సన్నగా మళ్లీ మొదలైంది. దాని వెనక ఇంకో పొర, పొగలా. ఆ పొర లోపల మరొకటి. రంగులతోనే బతికిన మనిషి ఆమె. అయినా అది రంగని కన్ను ఒప్పుకోలేదు. చెయ్యి ఒప్పుకుంది.

"మీవారు కూడా నిరుడు ఇలాగే పెట్టారమ్మా," అన్నాడు వెనక నుంచి ముసలాయన.

ఆమె తిరగలేదు. "ఏమన్నారు?"

"స్తంభం గురించి ఏమీ అనలేదు. నా చెయ్యి చాపమని అడిగి చూశారు. 'మా ఆవిడ చూడాలి ఇది' అన్నారు. ఈసారి వస్తారేమో అనుకున్నా."

ఆమె అప్పుడు ఇటు తిరిగింది.

"ఎన్నేళ్లయింది?" అంది ఆమె.

"ముప్పై ఒకటి. గుమ్మటానికి మరమ్మతు చేస్తుంటే పరంజా కూలి దీని మీద పడింది. పలకలన్నీ ముక్కలు. లోపల ఇటుక బయటపడింది. పన్నెండు రోజుల్లో సభ. అప్పటి ఇంజినీరుగారు నన్ను పిలిచి, రాయి వచ్చేదాకా ఏదో ఒకటి చెయ్యవయ్యా అన్నారు. చేశాను. ఆయన బదిలీ అయిపోయారు. రాయి రాలేదు."

"పన్నెండు రోజుల్లోనా?"

"పదకొండు. ఒకరోజు ఊరికే చూస్తూ కూర్చున్నా, పక్కదాన్ని."

వెనక దాచిన చెయ్యి ముందుకు తెచ్చాడు. అందులో కోడి ఈక. ఈకను నూనె రంగులో ముంచి, వేళ్ల మధ్య దొర్లిస్తూ, ఎవరో మోచెయ్యి కదిపినట్టు వణికిస్తూ కిందికి లాగాడు. స్తంభం అడుగున చెప్పుల రాపిడికి చెరిగిన చోట ఒక నరం మొలిచింది. మెత్తటి పొడి బ్రష్షుతో దాని మీద రెండుసార్లు ఆడించాడు. నరం రాతి లోపలికి దిగిపోయింది.

"తిన్నగా గీస్తే గీతలా ఉంటుందమ్మా. చెయ్యి వణకాలి. అప్పట్లో కావాలని వణికించేవాణ్ణి. ఇప్పుడు అదే వణుకుతోంది. ఏమాటకామాటే, ఇప్పుడే రాయి బాగా వస్తోంది."

ఆమె నవ్వింది. నాలుగు నెలల్లో తన నవ్వు తనకే వినిపించడం అదే మొదటిసారి.

"ఎవరికీ తెలీదా?"

"తెలియనివ్వలేదు. వారానికి రెండు రోజులు, అందరికంటే ముందొచ్చి సర్దుకుంటాను. ఎవరైనా ఈ స్తంభం బాగుందన్నా సరే, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి." ఈకను గుడ్డలో చుట్టాడు. "శనివారం ఆ మిషను ఒక్క చుట్టు తిరిగితే చాలు. అడుగున సున్నం తేలిపోతుంది."

"సూపరింటెండెంటుగారికి చెప్పేద్దాం. ఇంత పని చేసిన మనిషి పేరు ఈ హాలు గోడ మీద ఉండాలి. ఆయన మంచివారే కదా."

"మంచివారేనమ్మా. అందుకే ఆయనకు పెద్ద దెబ్బ. వందేళ్ల సభకు ముందు నకిలీ స్తంభం బయటపడిందంటే పై నుంచి ఆయన్నే అడుగుతారు. ఆయన నన్నడుగుతారు. కాగితం ఏదీ అంటే నా దగ్గర ఈక ఉంది, అంతే. వెళ్లిపోయే ముందు రోజు మోసగాడనిపించుకోలేను. మీరు చెప్పనని మాటివ్వండి."

ఆమె మాట ఇవ్వడానికి చాలాసేపు పట్టింది. కానీ ఇచ్చింది.

శుక్రవారం ఆమె సూపరింటెండెంటు గదికి వెళ్లింది. పాత రాతికి ఉండే మెత్తని మెరుపే అందమని, మిషను పెడితే అది పోతుందని, పాలిష్ మానుకోమని చెప్పి చూసింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. టీ తెప్పించాడు. కాని తల అడ్డంగా ఊపాడు.

"సభాపతిగారు స్వయంగా చెప్పిన పనమ్మా."

"పోనీ, నా బొమ్మలో ముందున్న ఆ ఒక్క స్తంభమైనా..."

"ఇరవై మూడు మెరిసి ఒకటి మాసి ఉంటే ఇంకేమైనా ఉందా? పళ్లవరసలో పుచ్చిపన్నులా ఉంటుంది."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె టీ తాగి, కప్పు కింద పెట్టి, వచ్చేసింది.

మూడింటికి జనరేటరు షెడ్డులో సున్నాలాయనకు వీడ్కోలు. బిస్కెట్లు, టీ, ఒక గోడగడియారం. సూపరింటెండెంటు సభ ఏర్పాట్లలో ఉండి రాలేకపోయాడు. గుమాస్తా ఉత్తర్వు చదివాడు. 'వెల్ల వేయు పనివాడు, ముప్పై ఎనిమిది సంవత్సరాల సేవ.' అంతే ఉంది అందులో. పిలవకపోయినా ఆమె వెళ్లి వెనక నిలబడింది.

"గడియారం దేనికి అన్నా నీకు? ఇన్నాళ్లూ కోడి కూయకముందే వచ్చేవాడివి!" అంది హాలు ఊడ్చే ఆమె. అరవైకి దగ్గర పడ్డ మనిషి. అందరూ అత్త అంటారు. ఆమెకూ తనకన్నా చిన్నవాళ్లంతా అల్లుళ్లే.

"రేపటి నుంచి ఎన్నింటికి లేవక్కర్లేదో చూసుకోవడానికి," అన్నాడతను. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. పదేపదే హాలు వైపే చూస్తున్నాడు.

అందరూ వెళ్లిపోయాక అత్త ఖాళీ గ్లాసులు ఏరుతూ ఆమె పక్కకు వచ్చింది.

"ఏమ్మా, ఆరోదాని దగ్గరే కూర్చుంటున్నారు రెండు రోజులుగా?"

"వెలుతురు బాగుంది."

"నేనూ మధ్యాహ్నం దానికే నడుం వాలుస్తా. మిగతావాటికి ఆనుకుంటే వెన్ను పట్టేస్తుంది. మంచుగడ్డలు! అదొక్కటే మనిషిలా ఉంటుంది." ఒక గ్లాసులో ఇంకో గ్లాసు దోపింది. "నేను దానికి తడిగుడ్డ పెట్టను. పొడిగుడ్డే. ఇరవై రెండేళ్లుగా."

ఆమె చేతిలోని టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఆ తాడు, ఆ బోర్డు..."

"కరెంటాయన కట్టాడు. ఎవరో స్తంభానికి జిగురుకాగితం అంటించి పీకారని."

"అంటే మీకందరికీ..."

"రోజూ తుడిచేదాన్ని, నాకు తెలీదా?"

"మీకు తెలుసని ఆయనకు తెలుసా?"

"భలేదానివమ్మా! దాచుకున్నవాడికి దాచిన చోటు చూపిస్తామా? సిగ్గుపడి చస్తాడు." అత్త గ్లాసుల దొంతర చంకన పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. "రేపు మీ బల్ల ఎక్కడ వేస్తారు?"

"ఎక్కడ వెయ్యమంటారు?"

"ఆ తాడు పక్కనే వెయ్యండి. బరువైన బల్ల తెప్పిస్తాలే."

శనివారం పదింటికి మిషను వచ్చింది. పాలిష్ మేస్త్రీ ఒళ్లంతా రాతిపొడి. ముక్కుకు గుడ్డ కట్టుకుని కుడి వరుస నుంచి మొదలుపెట్టాడు. తిరిగే బిళ్ల రాతికి తగలగానే హాలంతా హోరెత్తింది. నీళ్లు, పొడి కలిసి పాలలా కారాయి. అత్త వెంటవెంటనే తుడుస్తోంది. మిషను దాటిన చోట రాయి నిజంగానే అద్దమైంది. పాలిష్ వద్దన్న ఆమెకు కూడా అది ఒప్పుకోక తప్పలేదు.

ఎడమ వరుసలో ఒకటి, రెండు, మూడు అయ్యాయి. ఆమె బల్ల దగ్గర కూర్చుని ఆరో స్తంభానికి రంగు వేస్తోంది. అన్నిటినీ పూర్తి చేసి దీన్ని చివరికి ఉంచుకుంది. బ్రష్షును వేళ్ల మధ్య దొర్లిస్తూ వణికించడం గురువారం నుంచి వంద కాగితాల మీద సాధన చేసింది. నాలుగు, అయిదు అయ్యాయి. గైడు తన గుంపు లేకుండానే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. కరెంటాయన స్విచ్చుల పెట్టె దగ్గర ఉన్నాడు.

హోరు ఆగింది. మేస్త్రీ ముక్కు గుడ్డ దించాడు.

"అమ్మా, కొంచెం బల్ల జరుపుతారా? ఇది చేసుకుని పోతాను."

ఆమె బ్రష్షు నీళ్లలో పెట్టింది. చెప్పనని మాటిచ్చింది. చెప్పలేదు.

"చేద్దురుగాని. ముందు ఒకసారి చెయ్యి పెట్టి చూడండి," అంది.

అతను వింతగా చూశాడు. అయినా తాడెత్తి లోపలికి వెళ్లి అరచెయ్యి ఆనించాడు. తీశాడు. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ ఆనించాడు. వేలి కణుపుతో మెల్లిగా కొట్టి చెవి పెట్టాడు. జేబులోంచి టార్చి తీసి పక్కవాటుగా వేసి, మోకాళ్ల మీద కూర్చుని అడుగు నుంచి పైదాకా చూసుకుంటూ వెళ్లాడు. హాల్లో ఎవరూ కదల్లేదు.

"ఇరవై ఏళ్లుగా రాతి పనిలో ఉన్నాను," అన్నాడు చివరికి చిన్నగా. "ఎవరు చేశారిది?"

అత్త బకెట్టు కింద పెట్టింది.

"ఏం అల్లుడూ, దానికి పాలిష్ కావాలంటావా?" అంది అత్త.

అతను టార్చి ఆర్పాడు. "నీ దగ్గర పొడిగుడ్డ ఉందా అత్తా?"

అత్త భుజం మీది గుడ్డ ఇచ్చింది. తన మిషను నుంచి ఎగిరి ఆ స్తంభం మీద పడిన పొడిని అతను తన చేత్తోనే, నరాల వెంట, పైనుంచి కిందికి తుడిచాడు. గుడ్డ తిరిగి ఇచ్చేసి, మిషనును ఏడో స్తంభం దగ్గరికి తోసుకెళ్లాడు.

పన్నెండున్నరకు సూపరింటెండెంటు వచ్చాడు. "అన్నీ అయ్యాయా?"

"అన్నీ అయ్యాయండీ," అన్నాడు మేస్త్రీ వైరు చుట్టుకుంటూ.

ఆయన వరుసల మధ్య నడిచి, ఆరో స్తంభం దగ్గర ఆగి, మెడ పక్కకు వంచి చూశాడు. "చూశారా అమ్మా? పాలిష్ వద్దన్నారు మీరు. దీని తీరే మారిపోయింది!"

"నిజమేనండీ. పొరబడ్డాను," అంది ఆమె. అత్త బకెట్టు మీదికి వంగి దగ్గు తెచ్చుకుంది.

రెండింటికి బొమ్మ పూర్తయింది. ఆరో స్తంభం మీది ఆయన మాటను మాత్రం ఆమె చెరపలేదు. దాని మీదే రంగు వేసింది. దగ్గరగా చూస్తే నరాల మధ్య ఇంకో నరంలా ఉంది. అడుగున ఆయన పేరు రాసింది. పక్కన తన పేరు రాసింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి కావడంతో అక్షరాలు కాస్త పెద్దవయ్యాయి.

రెండింటికే చూడవచ్చేవాళ్లను లోపలికి వదిలారు. గుంపు చివర ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో టిక్కెట్టు పట్టుకుని సున్నాలాయన ఉన్నాడు. చూడవచ్చేవాళ్లు రాకముందే పనివాళ్లు బకెట్లు తీసుకుని హాలు ఖాళీ చేయాలని నియమం. ముప్పై ఎనిమిదేళ్లలో గైడు మాటలు అతను ఒక్కసారీ వినలేదు. అతని చూపు ముందు ఆరో స్తంభం మీద పడింది. తర్వాత ఆమె మీద పడింది. తను ఎవరికీ ఏమీ చెప్పలేదన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది. అతను మళ్లీ స్తంభం వైపు తిరిగాడు.

గైడు కూడా అతణ్ణి చూశాడు. ఒక్క క్షణం తడబడి గొంతు సవరించుకున్నాడు. రోజూ చెప్పేదే మొదలుపెట్టాడు. గుమ్మటం ఎత్తు చెప్పాడు. కిటికీల సంగతి చెప్పాడు.

"ఈ పాలరాయి సముద్రం దాటి వచ్చింది. ఇరవై మూడు స్తంభాలకు సరిపడా పలకలు, గడ్డి చుట్టి..."

ముసలాయన తల ఎత్తాడు. కుడి వరుస చూశాడు. ఎడమ వరుస చూశాడు. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.

"...ఇదే మా ముందు గైడుగారు నాకు నేర్పిన లెక్క," అని ముగించాడు గైడు. "ఏమైనా అడగాలనుకుంటే అడగండి."

జనం ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టారు. గుంపు చివర నుంచి ఒక ఎడమచెయ్యి సగం దాకా పైకి లేచింది.

"స్తంభాలు ఇరవై నాలుగున్నాయి కదండీ," అన్నాడు ముసలాయన. "ఆ ఇంకొకటి?"

చీపురు పట్టుకుని తలుపు అవతల నిలబడ్డ అత్త లోపలికి తొంగిచూసింది. స్విచ్చుల దగ్గర కరెంటాయన ఇటు తిరిగాడు. గైడు తాడు దగ్గరికి వచ్చి, కొక్కెం విప్పి, తాడు పక్కకు పట్టుకుని నిలబడ్డాడు.

"అది ఇక్కడిదేనండీ," అన్నాడు. "రండి. దగ్గరికొచ్చి చూడండి."